‘మట్టిలో మాణిక్యం’: ఉత్తర తెలంగాణ బాల క్రీడాకారుల కథనాలపై ఒక విమర్శ

వ్యాససంగ్రహం: కరీంనగర్, ఆదిలాబాద్ ప్రాంతాల పేద పిల్లలు క్రీడల్లో రాణించినప్పుడు తెలుగు పత్రికలు వారిని ‘మట్టిలో మాణిక్యాలు’గా వర్ణిస్తాయి. సినిమాలు కూడా అదే ఊహను కథగా అల్లుతాయి. ఈ రూపకం ప్రతిభను ముందే తయారై ఉన్న వస్తువుగా చూపుతుందనీ, దానిని తయారుచేసే తిండినీ, బడినీ, ఏళ్ల తరబడి సాగే సాధననూ కనుమరుగు చేస్తుందనీ ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. ‘పూర్ణ’ (2017) చలనచిత్రాన్ని ప్రధాన పాఠ్యంగానూ, రెండు తెలుగు క్రీడాచిత్రాలనూ క్రీడా పాఠశాలల ఎంపిక విధానాన్నీ తోడు పాఠ్యాలుగానూ పరిశీలిస్తుంది.

కీలకపదాలు: క్రీడాకథనం, రూపకం, గురుకులం, క్రీడా పాఠశాల, ఉత్తర తెలంగాణ, ‘పూర్ణ’

1. ఒక శీర్షిక సంగతి

తెలుగు దినపత్రికల జిల్లా పుటలు చదివే అలవాటున్నవారికి ‘మట్టిలో మాణిక్యం’ అనే శీర్షిక కొత్తది కాదు. 1989లో ఈనాడు జిల్లా అనుబంధాలను ప్రారంభించి, ఇతర పత్రికలు ఆ దారి పట్టిన తరువాత, అంతకుముందు వార్తగా గుర్తింపు పొందని ఎన్నో సంగతులకు అచ్చులో చోటు దొరికింది. మండలస్థాయి ఖోఖో పోటీ, పాఠశాల కబడ్డీ జట్టు ఎంపిక, జాతీయ పోటీలకు వెళ్లిన అమ్మాయి ఫోటో అటువంటివే. కరీంనగర్, జగిత్యాల, నిర్మల్, ఆసిఫాబాద్ పుటల్లో ఈ కథనానికి దాదాపు స్థిరమైన రూపం ఏర్పడింది. మెడలో పతకంతో పిల్లవాడో పిల్లో నిలబడి ఉంటారు. ఇరుపక్కల తల్లిదండ్రులు, వెనుక రేకుల ఇల్లు. తల్లి బీడీలు చుడుతుంది. తండ్రి కూలికి పోతాడు, కాకుంటే గల్ఫ్‌లో ఉంటాడు. పేదరికం అడ్డొచ్చినా పట్టుదల విడవలేదన్న వాక్యం మధ్యలో ఎక్కడో వస్తుంది. చివరి వాక్యం దాదాపు ఎప్పుడూ ఒకటే: ప్రభుత్వం గానీ దాతలు గానీ ఆదుకోవాలి.

ఈ కథనాలను చులకన చేయవలసిన పని లేదు. ఆ చివరి వాక్యం చదివి ఎవరైనా ఒక జత బూట్లు కొనిచ్చినా, రైలు ఖర్చు పెట్టుకున్నా ఆ పిల్లకు అది చిన్న మేలు కాదు. అయితే విమర్శకు అందవలసినది శీర్షికలోని రూపకం. మాణిక్యం మట్టిలో ఉన్నా మాణిక్యమే. మట్టి దానికి ఏమీ చేర్చదు, దాచిపెడుతుంది, అంతే. కావలసిందల్లా తవ్వే చేయి, తుడిచే గుడ్డ. ఈ ఊహను పిల్లలకు వర్తింపజేసినప్పుడు తండా, గూడెం, వాడ అన్నీ ‘మట్టి’ అవుతాయి. వాటికి కథలో ఇచ్చిన పని కప్పిపెట్టడమే. బయటికి తీసిన తరువాత మాణిక్యంపై మట్టికి హక్కు ఉండదు. అది చేరవలసిన చోటు నగరం, వేదిక, శాలువా. తవ్వినవారు కథానాయకులవుతారు. తవ్వని చోట ఏముందన్న ప్రశ్న ఎవరికీ తోచదు.

ఈ పలుకుబడి క్రీడల కోసం పుట్టింది కాదు. 1971లో ఇదే పేరుతో వచ్చిన చిత్రం ఉత్తమ తెలుగు చిత్రంగా జాతీయ పురస్కారం పొందిందంటే, ఇది ఎంత కాలంగా నలుగుతున్నదో ఊహించవచ్చు. దీని వెనుక ఇంకా పాతదైన ఒక నమ్మకం ఉంది. పువ్వు పుట్టగానే పరిమళిస్తుందన్న సామెతలో వ్యక్తమయ్యేది ఆ నమ్మకమే. కానీ అదే భాషలో, అదే జనం నోట, మొక్కై వంగనిది మానై వంగునా అన్న మాట కూడా ఉంది. మొదటిది పుట్టుకను నమ్ముతుంది, రెండోది పెంపకాన్ని. పిల్లల ఆటల గురించి రాసేటప్పుడు మన పత్రికలు, సినిమాలు మొదటి సామెత దగ్గరే ఎందుకు ఆగిపోతున్నాయన్నది ఈ వ్యాసం అడిగే ప్రశ్న.

2. ‘పూర్ణ’: తిండి కథ, శిఖరం కథ

నిజామాబాద్ జిల్లా సిరికొండ మండలంలోని పాకాల, పాత కరీంనగర్ జిల్లాకు దగ్గరలో ఉన్న ఊరు. అక్కడి లంబాడా వ్యవసాయ కూలీల బిడ్డ మాలావత్ పూర్ణ 2014 మే 25న, 13 ఏళ్ల 11 నెలల వయసులో, ఎవరెస్టు శిఖరం చేరింది. ఆమెతోపాటు ఎక్కినవాడు ఖమ్మం జిల్లాకు చెందిన సాధనపల్లి ఆనంద్ కుమార్. నేపాల్ వైపు నుంచి ఎక్కడానికి 16 ఏళ్ల వయోపరిమితి ఉన్నందున వారు టిబెట్ వైపు నుంచి వెళ్లారు. ఇద్దరూ సాంఘిక సంక్షేమ గురుకులాల విద్యార్థులు. పూర్ణ చదివింది తాడ్వాయిలో. భువనగిరి గుట్టపై మొదలైన శిక్షణ డార్జిలింగ్‌లోని పర్వతారోహణ సంస్థకూ, ఆపైన లడఖ్ చలికీ సాగింది. డార్జిలింగ్‌కు వెళ్లిన 20 మందిలోంచి వడపోతల తరువాత మిగిలినవారు ఈ ఇద్దరు. శిక్షకుడు శేఖర్ బాబు బచినేపల్లి. అప్పటి గురుకులాల కార్యదర్శి ఆర్.ఎస్. ప్రవీణ్ కుమార్ ఈ ప్రయత్నానికి పూనుకున్న ఐ.పి.ఎస్. అధికారి. ఆయన గతంలో కరీంనగర్ జిల్లా ఎస్పీగా పనిచేశారు.

రాహుల్ బోస్ దర్శకత్వం వహించిన ‘పూర్ణ’ 2017 మార్చి 31న విడుదలైంది. అదితి ఇనాందార్ పూర్ణగా నటించగా, ప్రవీణ్ కుమార్ పాత్రను దర్శకుడే పోషించారు. పాకాలలోనే చాలా భాగం చిత్రీకరించడం వల్ల దృశ్యాలకు నిజమైన నేల దొరికింది. చిత్రంలో నాకు అన్నిటికన్నా విలువైనదిగా కనిపించేది శిఖరం కాదు, వసతిగృహంలోని పళ్లెం. నాసిరకం తిండి చుట్టూ సాగే సన్నివేశాలూ, ఆ తిండిని చక్కదిద్దడానికి అధికారి చేసే ప్రయత్నమూ సాధారణ క్రీడాచిత్రంలో చోటు దొరికే సంగతులు కావు. కొండ ఎక్కే శరీరం వంటగదిలో తయారవుతుందన్న ఎరుక ఆ సన్నివేశాలకు ఉంది. మాణిక్యానికి ఆకలి వేయదు. పిల్లకు వేస్తుంది. అందువల్ల ఆ కొద్దిసేపు చిత్రం రూపకం పట్టు నుంచి బయటపడుతుంది.

చిత్రంలో ఇంకొక పిల్ల ఉంది, పూర్ణకు వరసకు అక్క అయిన ప్రియ. చొరవ ఆమెదే, చదువుకోవాలన్న ఆశ ముందుగా ఆమెదే. ఆమెకు పెళ్లి చేస్తారు. తరువాత ఆమె మరణిస్తుంది. పూర్ణను కొండ మీదికి నడిపే దుఃఖంగా చిత్రం ఈ మరణాన్ని వాడుకుంటుంది. ఇక్కడ చిత్రం చేసిన మంచిపనీ, దాని పరిమితీ ఒకేచోట కనిపిస్తాయి. ఇద్దరు సమానమైన పిల్లల్లో ఒకరు కథ నుంచి రాలిపోవడానికి కారణం ప్రతిభ లేకపోవడం కాదని చెప్పిన కథలు అరుదు, అది మంచిపని. కానీ ప్రియ జీవితం పూర్ణ సంకల్పానికి ఇంధనంగా మారిన మరుక్షణం, ఆమె ఎందుకు రాలిపోయిందన్న సామాజిక ప్రశ్న వ్యక్తిగత ప్రేరణగా కుదించుకుపోతుంది.

అధికారి ప్రవేశించాక కథ బరువు క్రమంగా ఆయన వైపు ఒరుగుతుంది. దర్శకుడే ఆ పాత్ర వేయడం కాకతాళీయమే కావచ్చు. అయినా తవ్వే చేతికి తెర మీద దొరికిన చోటు విమర్శకుని దృష్టిని దాటిపోదు. ప్రవీణ్ కుమార్ దళిత సమాజం నుంచి వచ్చిన అధికారి. బయటి నుంచి వచ్చిన ఉద్ధారకుని కథకూ, తాను పుట్టిన సమాజం వంటి సమాజాల పిల్లల కోసం ప్రభుత్వ సంస్థను మలచిన వ్యక్తి కథకూ చాలా తేడా ఉంది. ఆ రెండో కథకు చిత్రంలో దక్కిన బరువు తక్కువ. ఫలితంగా ఒక సంస్థ పనితీరులో వచ్చిన మార్పు ఒక మంచి మనిషి చలవగా అర్థమవుతుంది. మంచి మనిషి బదిలీ అయితే ఏమవుతుందన్న ప్రశ్న ప్రేక్షకునికి మిగలదు.

ఇక ఆనంద్ కుమార్. శిఖరం మీద ఇద్దరు పిల్లలున్నారు. చిత్రం పేరులో ఒకరున్నారు. పిన్నవయసు బాలిక అన్న రికార్డు పూర్ణది కనుక కథ ఆమె చుట్టూ తిరగడంలో తప్పేమీ లేదు. అయినా ఆ ఆరోహణ ఒకే గురుకుల వ్యవస్థ నుంచి, రెండు వేర్వేరు జిల్లాల నుంచి, ఒక గిరిజన బాలికా ఒక దళిత బాలుడూ కలిసి చేసినదన్న సంగతే దానిలోని అసలు వాదన. ఒక్కరు ఎక్కితే అద్భుతమని సరిపెట్టుకోవచ్చు. ఇద్దరు ఎక్కితే ఆ వెనుక ఒక పద్ధతి ఉందని ఒప్పుకోక తప్పదు. రెండో పేరు పక్కకు జరిగినకొద్దీ మాణిక్యం మెరుగుతుంది, పద్ధతి మసకబారుతుంది.

చిత్రం శిఖరం దగ్గర ముగుస్తుంది. క్రీడాచిత్రానికి అంతకన్నా సహజమైన ముగింపు లేదు. జీవితం మాత్రం అక్కడ ఆగలేదు. పూర్ణ 2016లో కిలిమంజారో ఎక్కింది. ఆ తరువాత ఎల్‌బ్రస్, అకాంకాగువా, కార్‌స్టెన్స్, విన్సన్ ఎక్కి, 2022 జూన్‌లో డెనాలితో ఏడు ఖండాల ఎత్తైన శిఖరాలను పూర్తిచేసింది. పదమూడేళ్ల పిల్ల ఇరవై రెండేళ్ల యువతి అయ్యేదాకా సాగిన ఈ ఎనిమిదేళ్లకు ప్రయాణ ఖర్చులు, అనుమతులు, చదువుకూ సాధనకూ మధ్య సర్దుబాట్లు, తిరిగి తిరిగి అదే శరీరాన్ని సిద్ధం చేసుకోవడం అవసరమయ్యాయి. ఎదుగుదల అన్న మాటకు అర్థం ఆ ఏళ్లలో ఉంది. అది కథకు లొంగదు, ఎందుకంటే అందులో కనుగొనే ఘట్టం లేదు.

భాష విషయం కూడా చెప్పుకోవాలి. ఇంట్లో లంబాడీ, బడిలో తెలుగు, ఇంగ్లీషు మాట్లాడే పిల్ల కథ హిందీలో వచ్చింది. హిందీలో తీసినవారిని తప్పుపట్టలేం, వారు తీశారు కనుక. మన తెలుగు పరిశ్రమ ఆ కథను ఎందుకు తీయలేదన్నది మనల్ని మనం అడగవలసిన ప్రశ్న.

3. తెలుగు తెర మీది గురువు

తెలుగు క్రీడాచిత్రాల్లో పేద పిల్ల కథకు కొరత లేదు. అశ్వినీ నాచప్ప స్వయంగా నటించిన ‘అశ్విని’ (1991) నుంచి చూసినా, పరుగు తీసే అమ్మాయి పక్కన ఆమెను తీర్చిదిద్దే శిక్షకుడు ఉండి తీరతాడు. నగేశ్ కుకునూర్ ‘గుడ్ లక్ సఖి’ (2022)లో ఈ అమరిక మరింత స్పష్టం. సఖి బంజారా యువతి. ఊరు ఆమెను దురదృష్టానికి గుర్తుగా చూస్తుంది. ఆమె గురిని ఎరిగిన స్నేహితుడు గోలి రాజు, షూటింగ్ శిక్షణ ఇవ్వాలని వచ్చిన మాజీ సైనికాధికారికి ఆమెను పరిచయం చేస్తాడు. గురి ముందే ఉంది. తుపాకీ చేతికి అందడమే ఆలస్యం. మాణిక్య రూపకానికి ఇంతకన్నా శుద్ధమైన కథారూపం దొరకదు. రైఫిల్ షూటింగ్ ఎంతో ఖర్చుతో, ఏళ్ల నిశ్చల సాధనతో కూడిన క్రీడ అన్న సంగతిని ఈ కథ తేలికగా దాటిపోతుంది. లంబాడా స్త్రీ వేషభాషలు కూడా ఇందులో అలంకారంగానే మిగిలిపోయాయనిపిస్తుంది.

దీనికి భిన్నంగా భీమనేని శ్రీనివాసరావు ‘కౌసల్య కృష్ణమూర్తి’ (2019) నిలుస్తుంది. తమిళ ‘కనా’కు ఇది పునర్నిర్మాణం, చివర్లో కఠినంగా మాట్లాడే గురువు ఇందులోనూ వస్తాడు. అయినా కౌసల్య ఆట ఆకాశం నుంచి ఊడిపడదు. క్రికెట్టును ప్రాణంగా ప్రేమించే రైతు తండ్రి ఇంట్లో ఆమె ఆట మీద ఇష్టం పెంచుకుంటుంది, ఊళ్లో మగపిల్లలతో ఆడి ఆడి చేయి తిప్పుకుంటుంది. పొలం అప్పులో మునగడం, ఆమె జట్టులోకి ఎదగడం పక్కపక్కనే నడుస్తాయి. మట్టి ఇక్కడ దాచిపెట్టేది కాదు. ఇంట్లో డబ్బున్నప్పుడు ఆట సాగుతుంది, లేనప్పుడు ఆగుతుంది. చిత్రకథగా అతిశయోక్తులున్నా ఈ ఒక్క ఎరుక వల్ల అది నా దృష్టిలో పై చిత్రం కన్నా మెరుగైనది.

తెలుగు తెర మీద గురువు దాదాపు ఎప్పుడూ ఓడిపోయిన ఆటగాడో, విశ్రాంత సైనికుడో అయి ఉంటాడు. అతనికి ఒక పాత గాయం ఉంటుంది. శిష్యురాలి గెలుపుతో అది మానుతుంది. ప్రభుత్వ పాఠశాలలో ఉదయం ప్రార్థనకు ముందు మైదానంలో ముగ్గు పోసి గీతలు గీసే పీఈటీ సారుకు అటువంటి నాటకీయమైన గాయం లేదు కాబట్టి కాబోలు, అతను తెరకు ఎక్కలేదు. ఉత్తర తెలంగాణ పిల్లల్లో అత్యధికులకు క్రీడతో తొలి పరిచయం చేయించేది మాత్రం అతనే.

4. టేపు, గడియారం, తూకం

కథల నుంచి సంస్థల వైపు తిరిగితే మరో పాఠ్యం ఎదురవుతుంది. 1993లో హకీంపేటలో ఏర్పడిన క్రీడా పాఠశాలతోపాటు కరీంనగర్‌లో, ఆదిలాబాద్‌లో ప్రాంతీయ క్రీడా పాఠశాలలు పనిచేస్తున్నాయి. నాలుగో తరగతిలో, ఎనిమిది తొమ్మిదేళ్ల వయసులో, ప్రవేశం. మండలంలో, జిల్లాలో, ఆపైన రాష్ట్రస్థాయిలో వడపోత ఉంటుంది. పరీక్షాంశాలు తొమ్మిది: ఎత్తు, బరువు, 30 మీటర్ల ఫ్లయింగ్ స్టార్ట్, నిలుచున్న చోటు నుంచి ముందుకు దూకడం, పైకి ఎగరడం, మెడిసిన్ బాల్ విసరడం, షటిల్ రన్, 800 మీటర్ల పరుగు, శరీరపు వంపు. ప్రకటనగా చూస్తే ఇది పొడి జాబితా. కానీ ప్రతిభ అంటే ఏమిటో ప్రభుత్వం రాసుకున్న నిర్వచనం కూడా ఇదే. అందువల్ల దీనిని పాఠ్యంగా చదవవచ్చు.

ముందుగా దీని గొప్పతనాన్ని ఒప్పుకోవాలి. ఈ పరీక్షకు సిఫారసు అక్కరలేదు, ఖరీదైన బ్యాటు అక్కరలేదు, అంతకుముందు ఏ అకాడమీలోనూ చేరి ఉండనక్కరలేదు. పాలేరు కొడుకునూ ఆసామి కొడుకునూ ఒకే గడియారం కొలుస్తుంది. మన విద్యావ్యవస్థలో ఇంత సూటిగా ఉండే ప్రవేశద్వారాలు ఎక్కువ లేవు.

అయితే జాబితాలోని మొదటి రెండు అంశాల దగ్గర ఆగి చూడాలి. ఎనిమిదేళ్ల పిల్ల ఎత్తు, బరువులో వంశపు పాలు ఉంటుంది, కాదనలేం. మిగిలినది ఆమె కడుపులో ఉన్నప్పుడు తల్లి ఏం తిన్నదన్న దగ్గర మొదలయ్యే చరిత్ర: అంగన్వాడీలో గుడ్డు దొరికిందా, వానకాలంలో ఎన్ని జ్వరాలు వచ్చాయి, ఇంట్లో ఏ నెలలో పని దొరకలేదు. ఆసిఫాబాద్ కొండల్లోని కొలాం గూడెం నుంచి వచ్చిన పిల్లా, పట్టణంలో పాలు తాగి పెరిగిన పిల్లా ఒకే తూకం మీద నిలబడినప్పుడు యంత్రం అబద్ధం చెప్పదు. కాకపోతే అది చెబుతున్నది గతం. మనం దానిని భవిష్యత్తుగా చదువుతున్నాం. వెనుకబడిన ప్రాంతాల పిల్లల కోసం నెలకొల్పిన బడి, వెనుకబాటు వల్ల కలిగిన లోటునే అనర్హతగా లెక్కించే ప్రమాదం ఇక్కడ ఉంది.

పుట్టిన నెల సంగతి మరొకటి. రోజర్ బార్న్‌స్లీ బృందం 1985లో కెనడా ఐస్ హాకీ ఆటగాళ్ల పుట్టినరోజులు పరిశీలించి, వయోవిభాగపు గడువు మొదట్లో పుట్టినవారు ఎంపికల్లో ఎక్కువగా ఉన్నారని చూపింది. ఎనిమిదేళ్ల వయసులో పది నెలల తేడా అంటే జీవితంలో పదో వంతుకు పైగా. పెద్దగా ఉన్న పిల్లవాడు మెరుగైనవాడుగా కనిపిస్తాడు. మెరుగైనవాడని శిక్షణ ఇస్తారు. శిక్షణ వల్ల నిజంగానే మెరుగవుతాడు. చివరికి మాణిక్యం దొరికిందని అందరూ అనుకుంటారు.

భాష ఇక్కడ కూడా ఎదురవుతుంది. ఆదిలాబాద్‌లో గోండీ, కొలామీ ఇంటి భాషలుగా ఉన్న పిల్లలకు ‘ఫ్లయింగ్ స్టార్ట్’ అంటే ఏమిటో, గీత దాటేముందే వేగం అందుకోవాలని ఎవరు ఏ భాషలో చెబుతారన్నది చిన్న విషయం కాదు. అర్థం కాక గీత దగ్గర ఒక్క క్షణం తటపటాయించిన పిల్లకు ఆ క్షణమే మార్కుగా నమోదవుతుంది. 1943లో హైమన్‌డార్ఫ్ మార్లవాయిలో గోండు ఉపాధ్యాయుల శిక్షణ కేంద్రాన్ని నెలకొల్పి, గోండీలో తొలి చదువు చెప్పించే ఏర్పాటు చేశారు. అక్షరానికి ఆనాడు ఒప్పుకున్న సూత్రం మైదానానికి ఈనాటికీ వర్తించకపోవడం విచిత్రం.

5. ఇల్లు చేసే పని

బెంజమిన్ బ్లూమ్ సంపాదకత్వంలో 1985లో వెలువడిన అమెరికన్ పరిశోధన ఈ సందర్భంలో ఉపయోగపడుతుంది. ఒలింపిక్ ఈతగాళ్లు, టెన్నిస్ ఆటగాళ్లు, పియానో విద్వాంసులు, శిల్పులు, గణితవేత్తలు, నాడీ శాస్త్రవేత్తలు కలిపి 120 మంది ఎదుగుదలను ఆ బృందం పరిశీలించింది. పదకొండు పన్నెండేళ్ల వయసు నాటికి వారిలో పదో వంతు మంది కూడా, ముందు ముందు ఈ స్థాయికి వస్తారని నమ్మకంగా చెప్పగల దశకు చేరలేదని తేలింది. తొలి దశలో కావలసింది ఆటను ఇష్టంగా మార్చే ఆత్మీయుడైన గురువు. మధ్యదశలో క్రమశిక్షణ నేర్పేవాడు, చివర నిపుణుడు. మూడు దశల పొడవునా ఇల్లు వెన్నంటి ఉంటుంది. పిల్లను పొద్దున్నే లేపి ఈతకొలనుకు తీసుకెళ్లేదీ, ఓడిన రోజు పక్కన కూర్చునేదీ ఇల్లే.

బ్లూమ్ పరిశోధనను తెలుగునేలకు యథాతథంగా అన్వయించలేం. ఆ ఇళ్లలో కారు ఉంది, తీరిక ఉంది, రుసుము చెల్లించే స్తోమత ఉంది. వారం కూలి పోతే పూట గడవని ఇంటికి ఆ పని చేయడం సాధ్యం కాదు. ప్రేమ లేక కాదు. కనుక ఇల్లు చేయవలసిన పనిని మరొక వ్యవస్థ చేయాలి. గురుకులం, ఆశ్రమ పాఠశాల, క్రీడా పాఠశాల ఆ పని ఎంతవరకు చేస్తున్నాయన్నదే కొలమానం కావాలి. ఎన్ని పతకాలు వచ్చాయన్నది దాని తరువాతి లెక్క.

కరీంనగర్‌కు పొరుగున ఉన్న వరంగల్ జిల్లా కల్లెడకు చెందిన జీవాంజి దీప్తి ఉదాహరణ ఈ సంగతిని తేటతెల్లం చేస్తుంది. మేధోవైకల్యం గల క్రీడాకారుల టి20 విభాగంలో ఆమె 2024 మేలో కోబె ప్రపంచ పారా అథ్లెటిక్స్‌లో 400 మీటర్లను 55.07 సెకన్లలో పరుగెత్తి ప్రపంచ రికార్డు నెలకొల్పింది. అదే ఏడాది సెప్టెంబరులో పారిస్ పారాలింపిక్స్‌లో కాంస్యం గెలిచింది. పతకం వచ్చిన మరునాడు పత్రికల్లో మాణిక్య రూపకం మళ్లీ మెరిసింది. కానీ అవే కథనాలను జాగ్రత్తగా చదివితే ఒక గొలుసు కనబడుతుంది: బడిలో ఆమె పరుగును గమనించిన వ్యాయామోపాధ్యాయుడు, హైదరాబాద్‌కు రమ్మన్న శిక్షకుడు నాగపురి రమేశ్, ఆ ప్రయాణపు ఖర్చే భారమైన ఇల్లు, నగరంలో దొరికిన వసతి, పుల్లెల గోపీచంద్ తోడ్పాటు. వీటిలో ఏ ఒక్క లంకె తెగినా 55.07 అన్న అంకె లేదు. ఆ లంకెల్లో అన్నిటికన్నా బలహీనమైనది బస్సు చార్జీ అన్న సంగతిని, ఏ సిద్ధాంతగ్రంథం కన్నా ఆ వార్తాకథనమే బాగా చెబుతుంది. అది శీర్షికలో లేదు, ఎనిమిదో తొమ్మిదో పేరాలో ఉంది.

6. తిరిగి వచ్చినవారు

తవ్వకపు కథలో ఎప్పటికీ చోటు దొరకని పాత్ర ఒకటుంది. ఎంపికై, ఇల్లు విడిచి, నాలుగైదేళ్లు క్రీడా పాఠశాలలో గడిపి, ఏ పతకమూ లేకుండా ఊరికి తిరిగివచ్చిన పిల్ల. ఏ దేశంలోనైనా క్రీడల్లోకి వచ్చిన పిల్లల్లో అత్యధికుల గతి ఇదే; శిఖరం ఇరుకైనది. మాణిక్య రూపకం ప్రకారం ఆమె మాణిక్యం కాదని తేలిపోయింది, అంటే మొదటి నుంచీ రాయే. పెంపకపు దృష్టితో చూస్తే మాత్రం ఆమె దగ్గర చాలా ఉంది: నాలుగేళ్లు కడుపునిండా తిన్న శరీరం, జిల్లా దాటి చూసిన లోకం, పది మంది ముందు ఓడి మళ్లీ గీత దగ్గర నిలబడిన అనుభవం. ఆమె నష్టపోయినదీ ఉండవచ్చు: వెనుకబడిన చదువు, మోకాలి నొప్పి, ఊళ్లో ఎగతాళి. ఈ జమాఖర్చును తెలుగులో కథగా, నవలగా, ఆత్మకథనంగా రాసిన రచన నా పఠనంలో ఎదురుకాలేదు.

ఆమె కథ లేకపోవడం సాహిత్యపు లోటు మాత్రమే కాదు. వచ్చే ఏడాది మండల కేంద్రంలో ఎంపికలు జరుగుతాయని పీఈటీ సారు చెప్పినప్పుడు, ఉట్నూరు దగ్గరి గూడెంలో ఒక తల్లి ఎనిమిదేళ్ల కూతురిని పంపాలా వద్దా అని ఆలోచిస్తుంది. ఆమె ముందున్నవి రెండే కథలు. ఒకటి ఎవరెస్టు ఎక్కిన పూర్ణది. రెండోది కథగా చెప్పుకోని, ఊళ్లో గుసగుసగా తిరిగే వైఫల్యం. మధ్యలో ఉన్న వందల జీవితాల గురించి ఆమెకు ఎవరూ చెప్పలేదు. శాతవాహన విశ్వవిద్యాలయ పరిధిలోని కళాశాలల్లో తెలుగు, వ్యాయామవిద్య శాఖలు రెండూ కలిసి చేయదగిన పని ఇక్కడ ఉంది. పాత కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల క్రీడా పాఠశాలల్లో, గిరిజన ఆశ్రమ పాఠశాలల్లో చదివి ఇప్పుడు ముప్ఫై, నలభై ఏళ్ల వయసులో ఉన్నవారి మౌఖిక చరిత్రలను వారి భాషలోనే, గోండీలో చెబితే గోండీలోనే, సేకరించవచ్చు. పదవీవిరమణ చేసిన వ్యాయామోపాధ్యాయుల దగ్గర పాత జట్ల ఫోటోలు, పోటీలకు పిల్లలను తీసుకెళ్లిన రోజుల ఖర్చుల చీటీలు ఇంకా ఉంటాయి. అవి చెదలు పట్టకముందే మొదలుపెట్టాలి. ప్రియ వంటి పిల్ల ఏ తరగతిలో బడి మానేసిందో ఆ హాజరు పట్టీల్లో తేదీతో సహా దొరుకుతుంది.